ఆ తెల్ల మాత్ర ఆపేదే

మార్చి 3

చెల్లికి,

నీకూ నీ గదిలోని యంత్రాలకూ నా ప్రభువు శాంతినిచ్చు గాక. యంత్రాలకు శాంతేమిటని నవ్వకు. నాకు నవ్వే ఓపిక లేదు.

మా బుజ్జి పిచ్చుకకు మూర్ఛ మళ్లీ వచ్చింది. ఈసారి జ్వరం కూడా లేదు. బట్టీ గదిలో పిండి బస్తా మీద కూర్చుని, నేను తుంచి ఇచ్చిన ముద్దకు బొటనవేలితో గుంటలు పెడుతోంది. "నాన్నా, ఉఫ్" అంది. వేడి రొట్టెను ఊదమని. నేను వంగి ఊదేలోపు కుడి చెయ్యి ఒక పక్కకు లాక్కుపోయింది, కళ్లు పైకి వెళ్లిపోయాయి. ముద్ద మాత్రం గుప్పిట్లోనే ఉంది, వదల్లేదు. మూడో ఏడు నిండని పిల్ల చేతిలో అంత బలం ఎక్కడిది?

నేను గద్దించాను. నా గొంతు సంగతి నీకు తెలుసు, లౌడ్‌స్పీకరు లేకుండా వీధి చివరికి వినపడుతుంది. ఆ గొంతంతా పెట్టి, నాకు తెలిసిన వాక్యమంతా పెట్టి, ఆ మూర్ఛను పొమ్మన్నాను. మీ వదిన పరుగున వచ్చి నన్ను పక్కకు నెట్టి, పిల్లను ఒక వైపుకు తిప్పి పడుకోబెట్టి, "మీరు అరవకండి. దానికి వినపడదు. నాకు వినపడుతోంది" అంది. అంతే.

పిల్లల డాక్టరు తెల్ల మాత్ర రాశాడు, రోజూ ఉదయం అర. రక్తం తీసి ఎక్కడికో పంపాడు. పుట్టుకలోనే రాసివున్న అక్షరాల్లో ఎక్కడో తప్పుందేమో చూస్తారట. నా దేవుడి రాతలో అచ్చుతప్పులు వెతికే వాళ్లు కూడా తయారయ్యారన్నమాట! ఆ మాట ఆయన ముందే అన్నాను. ఆయన నవ్వాడు. మీ వదిన నవ్వలేదు. "మీ చెల్లెలు చేసేది ఇదే పని కదా, ఇలాంటి పిల్లల మెదడు కణాల మీదే కదా, రాయండి" అంటూ కాగితం నా ముందు పెట్టింది.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. స్పీకర్ల పక్కన నిలబడి నిలబడి నాకు చెవులు పోయాయి, ఫోనులో అంతా తుప్పు పట్టిన రేకు చప్పుడే. మీ వదిన ఫోను పట్టుకుంటే ఏడుపే కానీ మాట రాదు. పిండి లారీ డ్రైవరు మీ ఊరి మీదుగానే వెళతాడు, అతని చేతికే ఇస్తున్నాను.

నీ యంత్రాన్ని నమ్మి అడగడం లేదు. భయమేసి అడుగుతున్నాను. ఆ రెంటికీ తేడా నీకు తెలియాలి.

మోకాళ్ల మీదనుంచి లేచి రాస్తున్న,
మీ అన్నయ్య


మార్చి 9

అన్నయ్యా,

నీ ఉత్తరం దులిపితే గుప్పెడు పిండి రాలింది. మా ల్యాబు పెద్ద, మేడమ్, బల్లంతా తెల్లగా అయింది. "ఎవరు పంపారు?" అన్నారు. "మా అన్నయ్య. రొట్టెలూ ప్రసంగాలూ రెండూ కాలుస్తాడు" అన్నాను. కోపం తెచ్చుకోకు. చదివాక భయమేసింది, అందుకే జోకు వేశాను.

అడిగావు కాబట్టి చెబుతాను. మెదడు కణాలు రెండు రకాలనుకో. ఒక రకం ఉసిగొల్పుతుంది, పక్కదాన్ని "ఊఁ, కానీ" అంటుంది. రెండో రకం సర్దిచెబుతుంది, "చాల్లే, కూర్చో" అంటుంది. ఒక్కో కణం గోడకు కంటికి కనబడనంత సన్నని తలుపులుంటాయి. ఆ తలుపుల్లోంచి ఉప్పు లోపలికి దూసుకొచ్చినప్పుడు కణం ఒక్కసారి టప్‌మని మోగుతుంది. ఆలోచన, నడక, మాట, నీ ప్రసంగం, అన్నీ ఆ మోతలే. తలుపు ఎలా చెయ్యాలో చెప్పే రాతలో ఒక్క అక్షరం తప్పితే తలుపు సరిగ్గా తెరుచుకోదు, లేదా మూసుకోదు. ఆ రెంటిలో ఏది అన్నదాన్ని బట్టి మందు మారిపోతుంది.

మేం చేసేది అది తేల్చడమే. ఏ తలుపు ఎంతసేపు తెరుచుకుంటుందో సమీకరణాలు రాసి, కొన్ని వేల కణాలను కంప్యూటర్లో కట్టి నడుపుతాం. తెర మీద ఒక్కో మోతకు ఒక్కో చుక్క పడుతుంది. బాగున్న మెదడులో చుక్కలు సన్నజల్లులా చెదురుమదురుగా పడతాయి. ఫిట్స్‌లో అన్నీ ఒక్కసారే లేచి గోడలా నిలబడతాయి. మీ ప్రార్థన కూటంలో అందరూ ఒక్క తాళానికి చప్పట్లు కొట్టినట్టు! మెదడుకు ఏకమనస్సు ఒక జబ్బు, అన్నయ్యా.

రక్తం రిపోర్టు వచ్చాక ఒక కాపీ, తలకు తీగల టోపీ పెట్టి తీసిన గీతల కాపీ, డాక్టరుగారిని అడిగి పంపండి. ఆయన ఒప్పుకుంటేనే. కట్టే మెదడుకు ఏదో ఒక పేరు ఉండాలి కదా, పిచ్చుక అనే పెట్టాను. నిన్న ఉత్తుత్తి అక్షరాలతో నడిపి చూశాం. పిచ్చుక రెండుసార్లు చచ్చింది, మూడోసారి నడిచింది.

వదినకు చెప్పు, పక్కకు తిప్పి పడుకోబెట్టడమే సరైన పని. నువ్వు అరవకుండా ఉండటం రెండో సరైన పని.

లెక్కల చెల్లి


మార్చి 14

చెల్లీ,

నీ ఉత్తరం మీ వదినకు చదివి వినిపించాను. "పిచ్చుక రెండుసార్లు చచ్చింది" అన్న దగ్గర ఆమె లేచి లోపలికి వెళ్లి, నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వచ్చింది. ఆ తర్వాతి ముక్క వినిపించుకునే స్థితిలో లేదు.

నువ్వు చదువుకున్నదానివి. నేను పిండి పిసుకుతూ, పక్కన గ్రంథం తెరిచిపెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. అయినా ఒకటి తెలుసు. ఊపిరి ఉన్నదాని పేరు ఊపిరి లేనిదానికి పెట్టకూడదు. ప్రతిమలు వద్దని రాతి పలకల మీద చెక్కి ఇచ్చింది ఎందుకనుకున్నావు? నా కూతురి మెదడుకు బొమ్మ చేసి, దానికి నా కూతురి పేరు పెట్టి, దాన్ని రోజుకు రెండుసార్లు చంపుతారా? పేరు మార్చు. ఏ కాకి అనో పెట్టుకో.

ఇక ఆ ఏకమనస్సు మాట. మొన్న కూటంలో నేను చెప్పిన ప్రసంగమే ఏకమనస్సు మీద! అందరూ ఒక్క గొంతై, ఒక్క చప్పట్లై లేచి నిలబడ్డారు. నాకు మాత్రం నీ గోడ గుర్తొచ్చింది. చప్పట్లు కొట్టే చేతులన్నీ ఒక పక్కకు లాక్కుపోతున్నట్టు కనిపించాయి. మధ్యలో ఆగిపోయాను. "అయ్యగారికి ఆత్మ వచ్చింది" అన్నారు వెనకనుంచి. ఆత్మ కాదు, చెల్లీ, నువ్వొచ్చావు.

అయినా కాగితాలు పంపుతున్నాను. డాక్టరుగారు ఒప్పుకున్నారు, పైగా "ఆవిడ అక్కడ పని చేస్తారా!" అని కుర్చీలో ముందుకు జరిగారు. రిపోర్టు రాగానే తీగల టోపీ గీతలతో కలిపి కవరులో పెట్టించాను. ఒక్క అక్షరం తప్పని రాశారట. అన్ని కోట్ల అక్షరాల్లో ఒక్కటి. ఉప్పు సారం పోతే దాన్ని దేనితో సారవంతం చేస్తామన్న ప్రశ్న మీద ఎన్నిసార్లు గొంతు చించుకున్నానో. ఆ ఉప్పు నా బిడ్డ తలలో ఉందని తెలియదు.

మాత్ర మొదలుపెట్టాక కూడా రెండుసార్లు వచ్చింది. చిన్నవే. మీ వదిన ఏదేదో అంటోంది, అవి ఇప్పుడు రాయను.

త్వరగా చెప్పు. నీ కాకి ఏమందో.

అన్నయ్య


మార్చి 24

అన్నయ్యా,

లారీ అతను కింద హారన్ కొడుతున్నాడు, నాలుగు ముక్కలే.

పేరు మార్చాను. ఆ ఒక్క అక్షరం పెట్టి నడిపాం. సర్దిచెప్పే కణాలే నీరసపడి ఉన్నాయి. మాత్రతో ఒకసారి, మాత్ర లేకుండా ఒకసారి, మళ్లీ మళ్లీ నడిపాం. మేడమ్ కూడా పక్కనే కూర్చుని చూశారు. ఇక అనుమానం లేదు. ఆ తెల్ల మాత్ర ఆపేదే.

డాక్టరుగారి ఆసుపత్రికి వివరంగా విడిగా పంపాను. ఆయన చెప్పినట్టు చెయ్యండి, మీ అంతట మీరు ఏమీ మార్చకండి. వదినకు ధైర్యం చెప్పు. దారి దొరికింది.

చెల్లి


మార్చి 28

నా ముద్దు చెల్లీ, ధన్యురాలా!

నీ ఉత్తరం చదివి పిండి చేతులతోనే వీధిలోకి వచ్చేశాను. ఎదురింటి దర్జీ "ఏం పెద్దాయనా, లాటరీ తగిలిందా?" అన్నాడు. "నా చెల్లెలి యంత్రం చెప్పింది, మాత్ర ఆపేదే!" అన్నాను. అతనికి అర్థం కాకపోయినా మిషను ఆపి చెయ్యి కలిపాడు.

నీకు దాచినది ఇప్పుడు రాస్తాను. మాత్ర మొదలుపెట్టాకే పిల్లకు ఎక్కువైందని మీ వదిన గోల. "ఇది మందు కాదండీ, ఏదో తేడాగా ఉంది" అని ఒక ఉదయం మాత్రను కొంగులో దాచేసింది. నేను కేకలేశాను. ఇల్లు రెండు ముక్కలైంది. అప్పుడొచ్చింది నీ ఉత్తరం. ఆమె ముందు పరిచి వేలు పెట్టి చూపించాను. "చూడు, అనుమానం లేదు అని రాసింది. ఆపేదే! నీకంటే నాకంటే ఎక్కువ చదివింది." మీ వదిన చాలాసేపు ఆ ముక్కనే చూసింది. తర్వాత కొంగు ముడి విప్పి మాత్ర నా చేతిలో పెట్టింది.

డాక్టరుగారు సెలవు మీద ఉన్నారు. ఆయన బదులు కూర్చున్న కుర్ర డాక్టరమ్మకు, మళ్లీ ఫిట్స్ వచ్చాయని చెప్పాం. నువ్వు పంపిన వివరం సంగతి అడిగితే, పెద్దాయన పేరు మీద వచ్చినవి ఆయనే తెరుస్తారంది. అరను ఒకటి చేసింది. అప్పటినుంచి చూడాలి, చెల్లీ! పెద్దవి ఒక్కటీ లేవు. పిల్ల ఎక్కడ కూర్చోబెడితే అక్కడే. ఏడుపు లేదు, మారాం లేదు. ముద్ద చేతిలో పెడితే పట్టుకుని కూర్చుంటుంది, గుంటలు కూడా పెట్టదు. పిలిస్తే తిరగదు కానీ ఆ ముఖంలో శాంతి ఉంది. గొర్రెపిల్ల. ఒక్కోసారి పెదవి చివర అదురుతుంది, అంతే.

నిన్న కూటంలో సాక్ష్యం చెప్పాను. విజ్ఞానం కూడా మోకరించిందని, నా చెల్లెలి లెక్కల్లోంచి దేవుడు మాట్లాడాడని. జనం ఏడ్చారు. నీ గోడ గుర్తు రాలేదు ఈసారి.

నీ యంత్రాన్ని తిట్టిన నోటితోనే దీవిస్తున్న,
అన్నయ్య


మార్చి 31

అన్నయ్యా,

ఇది చదివేసరికి ఆసుపత్రిలో ఉండి ఉంటారు. మీ ఎదురింటి దర్జీ నంబరు సంపాదించి అతనికి చెప్పాను, అతను పరుగెత్తాడు. అయినా రాస్తున్నాను, ఫోనులో ఏం వినపడిందో, ఎవరు ఏమని చెప్పారో తెలియక.

మాత్ర ఫిట్స్‌ని ఆపుతుందని నేను రాయలేదు. మాత్రను మనం ఆపాలని రాశాను. ఆపేదే అంటే మానిపించవలసిందే అని. నా తలలో ఇంకో అర్థమే లేదు, అన్నయ్యా, ఒక్క క్షణం కూడా రాలేదు. పది రోజులు తెర ముందు కూర్చుని ఆ మాత్ర చేసేది చూసినదాన్ని కదా.

అది చెడ్డ మందు కాదు. చాలామంది పిల్లలకు అదే ప్రాణం. అది ఉప్పు తలుపులను మూస్తుంది. కానీ పిచ్చుకకు తలుపులు పాడైంది సర్దిచెప్పే కణాల్లో. మిగిలిన కొద్ది తలుపులనూ ఈ మాత్ర మూసేస్తోంది. సర్దిచెప్పే వాళ్లను గదిలో పెట్టి గొళ్లెం వేసినట్టు. తెర మీద మోతాదు పెంచితే మొదట చుక్కలు తగ్గాయి. పైకి శాంతిలా ఉంటుంది. ఆ తర్వాత గోడ లేచింది, ఇక కూలలేదు.

ఒక్కసారిగా మాత్రం మానకండి! దానివల్ల ఇంకా పెద్దది రావచ్చు. డాక్టర్ల చేతుల మీదుగా, మెల్లగా. సెలవులో ఉన్న డాక్టరుగారిని మా మేడమ్ ఫోనులో పట్టుకున్నారు. ఆయన బయలుదేరారు. నా వివరం ఆయన బల్ల మీద మూసిన కవర్లోనే ఉంది.

వదినే సరిగ్గా చెప్పింది. ఏ తెరా లేకుండా చెప్పింది.

ఎలా ఉందో ఒక్క ముక్క రాయి. తిట్టు, పరవాలేదు. ముక్క మాత్రం రాయి.

చెల్లి


ఏప్రిల్ 6

చెల్లీ,

బతికి ఉంది.

ఆ ముక్క ముందు రాశాను, చదివి ఊపిరి పీల్చుకో. ఇక మిగతాది.

దర్జీ వచ్చేసరికే గోడ లేచింది. అది ఆగలేదు. బండిలో ఆగలేదు, మెట్ల మీద ఆగలేదు, సూది వేసినా కాసేపు ఆగలేదు. నీలి రంగు పెదవులు నేను ఎన్నడూ చూడలేదు. నాకు నోట వాక్యం రాలేదు. గ్రంథం సంచిలో ఉంది, సంచి భుజాన ఉంది, అయినా ఒక్క వచనం పైకి రాలేదు. మూర్ఛతో అగ్నిలోనూ నీళ్లలోనూ పడే కొడుకును ప్రభువు దగ్గరికి మోసుకొచ్చిన తండ్రి గ్రంథంలో ఒకడున్నాడు కదా. సగం నమ్మకమే ఉందని ఆయన ముఖం మీదే ఒప్పుకున్నవాడు. అతని మీద ఎన్నిసార్లు ప్రసంగించాను! "సగం నమ్మకమా, సిగ్గు లేదా?" అని కూటం గుడారం అదిరేలా అరిచాను. ఆ వరండాలో నాకు సగం కాదు, చిటికెడు కూడా దొరకలేదు.

నిన్ను తిట్టాలని కూర్చున్నాను. కాగితాలు చింపాను. మన మాటలే అలాంటివి. పులీ తినేదే, రొట్టే తినేదే. ఏది ఎవర్ని తింటుందో ఎవరు చెబుతారు? నువ్వు మాత్రను ఆపమన్నావు, నేను మూర్ఛ ఆగుతుందని చదివాను. నాకు కావలసింది చదివాను. నా పనే అది అనుకుంటాను, చెల్లీ. ఏ వాక్యంలోనైనా నాకు కావలసింది నాకు దొరుకుతుంది.

డాక్టరుగారు వచ్చారు. నీ వివరమూ, రక్తం రిపోర్టూ పక్కపక్కన పెట్టుకుని చదివి, ఇంకో పెద్ద డాక్టరుతో మాట్లాడి, అవునన్నారు. కొత్తగా ఒక తియ్యటి మందు మొదలుపెట్టారు. తెల్ల మాత్రను మాత్రం మెట్లు మెట్లుగా దింపాలట. ఒకటి, ముప్పావు, అర, పావు. ఇన్ని వారాలు.

అంటే అర్థమైందా? విషమని తెలిసినదాన్ని రోజూ ఉదయం బిడ్డ నోట్లో పెట్టాలి. మీ వదిన ఆ చేత్తో పెట్టలేనంది. "మీరే కదా నా చేతిలోంచి తీసుకున్నారు, మీరే పెట్టండి" అంది. తిట్టలేదు. ఆ గొంతులో ఏమీ లేదు. అందుకే నేనే పెడుతున్నాను. చెంచాతో నీళ్లలో కరిగించి పెడతాను. నా వేళ్లు ఆ చెంచాను మొయ్యలేకపోతున్నాయి, బస్తాలెత్తిన చేతులు.

ఒకటి అడుగుతాను. నీ యంత్రాన్ని ముందుకు నడపగలవా? ఐదేళ్లకో పదేళ్లకో. పిల్ల ఇప్పుడు నన్ను చూస్తుంది, నా వెనక గోడను చూసినట్టే చూస్తుంది. "నాన్నా" అన్న మాట పోయింది. "ఉఫ్" పోయింది. మళ్లీ వస్తాయా? ఎంతవరకు వస్తాయి? నీకు తెలుసుకునే దారి ఉంటే చెప్పు. దాచకు. ఏ సంగతైనా తెలియకపోవడమంత భయంగా ఉండదు.

అన్నయ్య


ఏప్రిల్ 12

అన్నయ్యా,

ఈ ఉత్తరం మా ఆఫీసులో టీ ఇచ్చే ఆవిడకు ముందు చదివి వినిపించాను. రెండు అర్థాలొచ్చే చోటల్లా ఆవిడ చెయ్యెత్తాలి. ఇప్పటికి ఐదుసార్లు ఎత్తింది. ఆ ఐదూ కొట్టేసి ఇలా తిరగరాశాను.

తెల్ల మాత్రను మెల్లగా తగ్గించడమే సరైనది. నువ్వు పెట్టే చెంచా పిల్లను కాపాడుతోంది. ఈ రెండు వాక్యాలకూ ఆవిడ చెయ్యెత్తలేదు.

ఇక నువ్వు అడిగినది. నువ్వు అడక్కముందే నడిపాను. ఎవరికీ చెప్పకుండా, పనంతా పక్కన పెట్టి. ఎదిగే మెదడులో కణాలు కొత్త తీగలు వేసుకుంటాయి, కొన్ని తెంపుకుంటాయి. ఆ ఎదుగుదలకు అంకెలు పెట్టి ముందుకు తోశాను. ఒకసారి చుక్కలు చక్కగా విడిపోయి జల్లయ్యాయి. ఒక్క అంకెను వెంట్రుకంత జరిపి మళ్లీ నడిపితే, అదే పిల్ల, అదే అక్షరం, ముద్దలు కట్టి ఉండిపోయాయి. ఏ అంకె నిజమో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. ఆ అంకెలన్నీ ఎలుకల మెదళ్ల నుంచీ, ఎవరో పిల్లల నుంచీ వచ్చినవి. అవి పిచ్చుకవి కావు.

మందు సంగతి వేరు. దానికి రిపోర్టు ఉంది, ఇలాంటి అక్షరమే ఉన్న పిల్లల అనుభవం ఉంది, డాక్టర్లున్నారు. మా చుక్కలు అటువైపు వేలు చూపాయి, అంతే. మాట వస్తుందా అన్నదానికి వేలు చూపించే ధైర్యం నాకు లేదు. జరగనిది జరుగుతుందని చెప్పిన ప్రవక్తలను రాళ్లతో కొట్టేవారని చిన్నప్పుడు నువ్వే నన్ను భయపెట్టేవాడివి. ఇప్పుడు నాకు నిజంగానే భయంగా ఉంది. వస్తుందంటే నువ్వు మళ్లీ సాక్ష్యం చెబుతావు. రాదంటే నువ్వు పిల్లతో మాట్లాడటం మానేస్తావు. ఆ రెండోదే ఎక్కువ భయం. ఎందుకంటే ఆ తీగలు మాటలు వింటూనే పెరుగుతాయి.

అందుకని ఆ ముందుకు నడిపినవన్నీ చెరిపేశాను. తిట్టుకో.

పిల్లతో మాట్లాడు. అరవకుండా.

చెల్లి


ఏప్రిల్ 27

చెల్లీ,

నువ్వు చెరిపేశావని చదివి మొదట పళ్లు నూరాను. నా బిడ్డ జాతకం చించడానికి నువ్వెవరివని. ఆ తర్వాత చదవగా చదవగా, నువ్వు దాన్ని నా చేతికి ఇచ్చి ఉంటే నేనేం చేసేవాణ్ణో నాకే కనిపించింది. ప్రతి వాక్యం లాగే దాన్నీ నాకు కావలసినట్టు చదివేవాణ్ణి.

మొన్న కూటంలో నిలబడి, పోయిన నెల చెప్పిన సాక్ష్యం తప్పని చెప్పాను. మాత్ర మూర్ఛను ఆపలేదు, నేనే ఉత్తరం సరిగ్గా చదవలేదన్నాను. వెనక బల్ల మీద కూర్చునే ముసలమ్మ, "మరి అప్పుడు మేం ఏడ్చిన ఏడుపు ఎవరికయ్యా?" అంది. జనం నవ్వారు. నేనూ నవ్వబోయాను, రాలేదు. "దాచిపెట్టుకో అవ్వా, ఇంకా పని పడొచ్చు" అన్నాను. ప్రసంగం చెయ్యలేదు. గ్రంథం మెల్లగా చదివి కూర్చున్నాను. నా మెల్లదనం చూసి నాకు ఒంట్లో బాగాలేదనుకున్నారు.

ఈ ఉదయంతో పావు కూడా అయిపోయింది. చెంచా కడిగేశాను. మీ వదిన చూస్తూ నిలబడి, ఆ చెంచాను నా చేతిలోంచి తీసుకుని మళ్లీ కడిగింది. ఈ వారాల్లో నాతో ఆమె కలిసి చేసిన మొదటి పని అదే.

ఫిట్స్ పూర్తిగా పోలేదు. చిన్నవి రెండొచ్చాయి. డాక్టరుగారు ముందే చెప్పారు, ఇవి పూర్తిగా పోతాయని మాటివ్వలేనని. ఈ జబ్బుతోనే పెరుగుతుందట. పిల్ల కాస్త తిరుగుతోంది, అన్నం గిన్నె తోసేస్తోంది. కానీ మాట లేదు. నువ్వు చెప్పావని నేనే మాట్లాడుతున్నాను. పిండి గురించి, బట్టీ గురించి, దర్జీ గొడవల గురించి. నా బతుకులో ఇంత చిన్న గొంతుతో ఇన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. ఎవరు వింటున్నారో తెలియకుండా మాట్లాడటం నాకు అలవాటే అనుకున్నాను. కాదు, చెల్లీ. దీని ముందు కూర్చుని మాట్లాడుతుంటే, ఒక్కోసారి

లోపల పిల్ల కేక పెట్టింది. ఆగు.

ఏమీ లేదు. ఏమీ లేదు, భయపడకు.

పరుగెత్తాను. వచ్చేసింది, పెద్దదే వచ్చేసింది అనుకుంటూ. మీ వదిన కొట్టుకు వెళ్లింది, ఇంట్లో నేనొక్కణ్ణే. చూద్దును కదా, పిల్ల కుర్చీ ఎక్కి, కాళ్లు రెండూ పైకి ముడుచుకుని, గోడ మూలకు చూపిస్తూ కేకలు పెడుతోంది. చెయ్యి లాక్కుపోలేదు. కళ్లు పైకి పోలేదు. కళ్లు తిన్నగా ఒకే చోట ఉన్నాయి, కళ్ల నిండా నీళ్లున్నాయి.

నేల మీద నల్ల చీమ ఉంది, చెల్లీ. ఒక్కటే.

బట్టీ రేకు తలుపు పక్కనే దభీమని పడితే రెప్ప కొట్టని పిల్ల. సూది గుచ్చితే చెయ్యి వెనక్కి తీసుకోని పిల్ల. అది చీమను చూసింది. చూసి భయపడింది! నన్ను చూడగానే రెండు చేతులూ చాచింది. ఎత్తుకుంటే మెడ పట్టుకుని గోళ్లు దించేసింది. ఇంకా వదల్లేదు, ఒంటి చేత్తో రాస్తున్నాను.

భయపడకుడని ఇన్నేళ్లు వీధుల్లో కేకలేసిన నోరిది. ఇప్పుడు దీని వీపు నిమురుతూ, చిన్న గొంతుతో, "భయపడు తల్లీ, భయపడు, నేనున్నాను" అంటున్నాను. ఆ మాట ఏ వచనంలో ఉందో నాకు తెలియదు.

చీమ బస్తా కిందికి పోయింది. మీ వదిన వచ్చేదాకా ఇలాగే కూర్చుంటాను. ఆమెకు ఈ గోళ్ల గుర్తులు చూపించాలి.

మెడ మండుతున్న,
మీ అన్నయ్య